సెట్టయింది!

టీ కప్పులూ సెట్టే, సెల్‌ఫోనూ సెట్టే, పెళ్ళి సంబంధమూ సెట్టే. ఇంగ్లీషు నిఘంటువులో అర్థాల లెక్కకు రికార్డు కొట్టిన ఈ చిన్న మాట అబిడ్స్, నాంపల్లి వీధుల్లో కాపురం పెట్టిన కథ ఇది. ఏ కుర్చీలో కూర్చుంది? ఎవరిని లేపి కూర్చుంది? ఏ గడప దగ్గర ఆగిపోయింది?

ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపులకు షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందే, ఫుట్‌పాత్ పొడవునా, పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోస్తారు. నాంపల్లి స్టేషన్‌లో దిగినవాళ్ళు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చినా పెద్ద దూరం కాదు. ఆ కాస్త దారిలో చెవులు రిక్కించి నడిస్తే చాలు, ఒక మాట వెంటబడి వస్తుంది.

తాడుతో బిగించిన ఇంటర్ పుస్తకాల కట్టలోంచి ఫిజిక్స్ ఒక్కటే ఇమ్మని ఓ తల్లి అడుగుతుంది. "సెట్ విడగొట్టనమ్మా" అంటాడు అమ్మేవాడు. పక్కన ఫోన్‌లో ఓ కుర్రాడు: "రూమ్ సెట్టయిందిరా, అడ్వాన్స్ గూడ ఇచ్చేసిన." చొక్కాలు పరిచిన చోట: "అన్నా, ఈ కలర్ నీకు మస్తు సెట్టయితది." ఆటో దగ్గర బేరం: "నూట ఇరవైకి సెట్ చేస్కో సార్." నాలుగు నోళ్ళు, నాలుగు పనులు, ఒకటే మాట. ఎవరూ ఎవరినీ "అంటే ఏమిటి?" అని అడగలేదు.

అడిగితే మాత్రం చెప్పడం అంత సులువు కాదు.

430 అర్థాల మాట

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడుగాటి పద్దు 'సెట్' అన్న క్రియదే. దాదాపు 430 అర్థాలు, వాటిని వివరించడానికి సుమారు 60 వేల మాటలు. అంటే ఒక్క మాటను విప్పి చెప్పడానికి ఓ చిన్న నవలంత అచ్చు పట్టింది. ఆ తరవాత నిఘంటువును మళ్ళీ సవరించడం మొదలుపెట్టాక 'మేక్', 'పుట్' వరసగా దాన్ని దాటాయి. 2011 నాటికి 645 అర్థాలతో 'రన్' అగ్రపీఠం ఎక్కింది. అయినా 'సెట్' పేరు మాత్రం పోలేదు.

నిజానికి అది ఒక మాట కాదు. రెండు వేరువేరు మాటలు ఒకే చొక్కా తొడుక్కున్నాయి. ఒకటి పాత ఇంగ్లీషులోని 'సెట్టాన్'. కూర్చోవడానికి 'సిట్' అయితే, కూర్చోబెట్టడానికి 'సెట్'. రెండోది ఫ్రెంచి మీదుగా వచ్చిన లాటిన్ మాట 'సెక్టా'. ఒకరి వెంట నడిచే గుంపు అని దాని అర్థం. మతశాఖకు వాడే 'సెక్ట్' కూడా అక్కడినుంచి వచ్చిందే. మొదటిది కూర్చోబెడుతుంది, రెండోది గుంపు కడుతుంది. ఆటో అబ్బాయి అన్నది మొదటి సెట్టు. పుస్తకాల కట్ట రెండో సెట్టు.

పబ్లిక్ గార్డెన్స్‌లో చుట్టాలు

ఈ మొదటి సెట్టుకు మనదగ్గర పాత చుట్టాలున్నారు. సంస్కృతంలో కూర్చోవడానికి 'సద్' ధాతువు, కూర్చోబెట్టడానికి 'సాదయతి'. ఇంగ్లీషు సిట్, సెట్ జంటకు ఇవి అచ్చంగా అన్నదమ్ముల బిడ్డలు. సదనం, సదస్సు, సభాసదులు, పరిషత్తు, గురువు చెంత కూర్చుని విన్న ఉపనిషత్తు, అన్నీ ఆ ఇంటివే. నాంపల్లి పక్కనే పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో 1913లో పూర్తయిన పాత టౌన్‌హాలు మన శాసనసభ అయింది. శాసనసభ సదనంలో సభాసదులు కూర్చుంటారు. బయట రోడ్డు మీద ఆటో అబ్బాయి బేరం సెట్ చేస్తాడు. లోపలిదీ బయటిదీ ఒకే వేరు అని ఇద్దరిలో ఎవరికీ పట్టింపు లేదు.

తెలుగులోనూ ఓ తమాషా ఉంది. కూర్చున్నాం అంటాం. దండ కూర్చాం, అక్షరాలు కూర్చాం అని కూడా అంటాం. పుస్తకం 'రెండో కూర్పు' అంటాం. సీసం అక్షరాలను పుల్ల మీద ఒక్కొక్కటే పేర్చే కంపోజిటర్ చేసింది కూర్చడమే, ఇంగ్లీషువాడి లెక్కలో అది 'టైప్ సెట్టింగ్'. కూర్చోవడమూ గుంపు కట్టడమూ రెండిటిలోనూ 'కూర్చు' అన్న ముక్కే వినిపిస్తుంది. ఇంగ్లీషులో రెండు దారుల నుంచి వచ్చి కలిసిన అర్థాలు మన నోట ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి.

వెనక నడిచే క్రియ

ఇంగ్లీషులో సెట్ ఎక్కువగా ఒంటరిగా తిరగదు. దాని వెనకాల ఓ చిన్న తోక ఉంటుంది. 'అప్' చేరితే నిలబెట్టడం, 'ఆఫ్' చేరితే బయలుదేరడం, 'ఇన్' చేరితే పట్టుకోవడం. తోకను బట్టి అర్థం.

మన బజారు ఆ తోకల్ని చాలావరకు కత్తిరించేసి, వాటి చోట తెలుగు క్రియను అతికించింది. సెట్ *కొన్నారు* అంటే కప్పులో పుస్తకాలో. సెట్ *వేశారు* అంటే సినిమావాళ్ళు. సెట్ *చేశారు* అంటే ఎవరో పూనుకుని కుదిర్చారు. సెట్ *అయింది* అంటే దానంతటది కుదిరింది. సెట్ *రాశారు* అంటే పరీక్ష. ముందున్న మాట మారలేదు. వెనక నడిచిన క్రియ వినగానే ఏ సెట్టో తెలిసిపోతుంది. ఇంత చక్కని ఏర్పాటును ఏ వ్యాకరణ పండితుడూ కూర్చుని చెయ్యలేదు. సంతలో బేరాలాడే నోళ్ళే చేశాయి.

ఇంగ్లీషు తోకలు తోకలుగానే మిగిలిన చోటు ఒకటి ఇక్కడే ఉంది, నాంపల్లి కోర్టు. కింది కోర్టు శిక్ష అప్పీలులో నిలవకపోతే 'సెట్ అసైడ్ అయింది' అంటారు వకీళ్ళు, అంటే కొట్టేశారని. విచారణ ఖైదీగా జైల్లో గడిపిన రోజుల్ని తరవాత పడిన శిక్షలోంచి మినహాయించడం 'సెట్ ఆఫ్'. పాత నేర ప్రక్రియా స్మృతిలో అది 428వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 468. కొడుకు కేసు కోసం ఊరినుంచి వచ్చి వరండాలో పడిగాపులు పడే తండ్రికి ఇంగ్లీషు రాకపోవచ్చు. కానీ 'సెట్ ఆఫ్ వస్తే ఇంకెన్ని నెలలు?' అని లెక్క అడుగుతాడు. అక్కడ ఆ తోకకు విలువ ఉంది, అది రోజుల్లో ఉంటుంది.

ఆరు కప్పులు, ఆరు సాసర్లు

గుంపు అన్న అర్థంలో సెట్టును మన ఇళ్ళకు మోసుకొచ్చిన దారుల్లో పెద్దది నాంపల్లి నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఈ ప్రదర్శన, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి నడుమ దాకా సాగే ఆ నెలన్నరలో నగరం మొత్తం అక్కడే తిరుగుతుంది. ఖుర్జా పింగాణీ, దుప్పట్లు, డబ్బాలు, గాజులు, అన్నీ సెట్లే. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, అట్టపెట్టెలో గడ్డి మధ్య.

అంతకుముందు మన ఇళ్ళలో సామాన్లకు గుంపు లేదా అంటే ఉంది. జత, జోడు, డజను, వరస, దొంతి, కట్ట. జత అంటే రెండే. డజను అంటే పన్నెండే. దొంతి ఒకదానిమీద ఒకటి ఉండాలి. సెట్టుకు అంకెతో పనిలేదు. దానికి ఉన్న షరతు ఒకటే, ఒక్కటి తగ్గినా అది సెట్టు కాదు. అందుకే నుమాయిష్‌లో కొన్న కప్పుల్లో ఒకటి పగిలిన రోజున మిగతా ఐదూ అల్మారా పై అరలోంచి రోజువారీ వాడకానికి దిగుతాయి. అవి ఇప్పుడు కప్పులు మాత్రమే. పుస్తకాల బజారులో కూడా ఇదే న్యాయం. పది సంపుటాల్లో ఏడోది లేకపోతే, తొమ్మిదింటి ధర అమాంతం పడిపోతుంది.

కర్ణాటక నుంచి వచ్చిన సెట్ దోశకీ ఇదే లెక్క. రెండో మూడో మెత్తటి చిన్న దోశలు కలిపి ఒక ప్లేటు. ఒక్కటే వెయ్యమంటే హోటలువాడు ముఖం అదోలా పెడతాడు.

తెలుగు మీడియంలో లెక్కలు చదివినవాళ్ళకు మాత్రం సెట్టు కంటే ముందు 'సమితి' పరిచయం. ఉపసమితి, సమ్మేళనం, ఛేదనం, లోపల ఏమీ లేని శూన్య సమితి. పాఠ్యపుస్తకం ఎంతో అందంగా కూర్చిన ఆ మాట పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చాక రాజకీయ పార్టీల పేర్లలో, ఐక్యరాజ్యసమితిలో స్థిరపడింది. కప్పుల దగ్గరికి రాలేదు. 'టీ సమితి' అని ఎవరూ అనలేదు, అనరు కూడా.

పెట్టె నుంచి జేబు దాకా

ఒకప్పుడు 'సెట్టు' అంటే ఇంట్లో గౌరవంగా బల్ల మీద కూర్చునే వస్తువు, రేడియో. 1930లలో నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో మాట్లాడడం మొదలైంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. సైఫాబాద్ కేంద్రం నాంపల్లికి కూతవేటు దూరం. రేడియో సెట్టు ఉంటే 1980ల దాకా ఏటా తపాలా ఆఫీసుకు వెళ్ళి లైసెన్సు రుసుం కట్టాల్సి ఉండేది. సెట్టు మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద ఓ బొమ్మ. తరవాత ఆ గుడ్డ టీవీ సెట్టు మీదికి మారింది. ఆ తరవాత సెట్ టాప్ బాక్సు వచ్చింది. పేరుకు అది సెట్టు మీద కూర్చునే పెట్టె. టీవీ పలకలా సన్నబడి గోడెక్కాక దాని మీద కూర్చోవడానికి చోటే లేదు, పేరు మాత్రం మిగిలింది.

ఇప్పుడు అబిడ్స్‌లో సెట్టు అంటే జగదీశ్ మార్కెట్. ఫోన్లు కొనే, అమ్మే, బాగుచేసే ఇరుకు దుకాణాల వరస. అక్కడ 'ఫోన్' అన్న మాటకంటే 'సెట్' అన్నదే చెవినపడుతుంది. "సెట్ ఆన్ అయితలేదు." "పాత సెట్ ఇస్తే ఎంత తీసేస్తరు?" రిపేరు చేసే కుర్రాడు కంటికి భూతద్దం బిగించుకుని, గోరంత స్క్రూలను అయస్కాంతం పలక మీద వరసగా పేరుస్తాడు. ఏ స్క్రూ ఏ మూలదో ఆ వరసే గుర్తు. చిప్ మీద వేడిగాలి ఊది, పట్టకారుతో కొత్తది పెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. తెర వెలిగితే ఒకటే మాట, "సెట్." ఆ మాటలో సెట్టు బాగైందనీ ఉంది, పని అయిపోయిందనీ ఉంది, డబ్బులు తియ్యమనీ ఉంది.

అదే ఫోనును తెలుగులోకి మార్చుకుని చూడండి. చాలా మాటలు తెలుగైనా పళ్ళచక్రం బొమ్మ కింద మాత్రం 'సెట్టింగ్‌లు' అనే ఉంటుంది. ఇదే మాట ఏకవచనంలో వాడితే వేరే వాసన వస్తుంది. "వానికి లోపల సెట్టింగ్ ఉన్నది" అంటే ఫైలు కదిలించే మనిషి ఉన్నాడని. బహువచనం ఫోనుది, ఏకవచనం లోపాయికారీది!

కుండ కింద కుదురు

అసలు రహస్యం 'సెట్టయింది'లో ఉంది. సంబంధం సెట్టయింది, చొక్కా సెట్టయింది, ఉద్యోగం సెట్టయింది, ఒళ్ళు సెట్టయింది. ఈ వాక్యాల్ని ఉన్నదున్నట్టు లండన్‌లో అంటే ఎవరికీ అర్థం కావు. అక్కడ సూర్యుడు సెట్ అవుతాడు, సిమెంటు సెట్ అవుతుంది. సంబంధం మాత్రం అవదు. మరి ఈ వాడుక ఎక్కడిది?

మన 'కుదురు'ది. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టను కుదురు అంటారు. కుండ దానిమీద నిలబడడమే కుదరడం. అక్కడినుంచి బేరం కుదిరింది, ముహూర్తం కుదిరింది, పని కుదరలేదు, పిల్లవాడు కుదురుగా కూర్చోడు. జ్వరం తగ్గి ఒళ్ళు కుదుటపడింది. 'సిట్, సెట్' జంటలాగే మనకు 'కుదురు, కుదుర్చు' జంట. ఆ జంట ఇప్పుడు 'సెట్ అవు, సెట్ చేయి' అయింది. ఎముకలు తెలుగువి, తోలు ఇంగ్లీషుది. 'మనసు కుదురుగా లేదు' అన్న చోట 'అప్‌సెట్ అయ్యా' అంటున్నామా? ఆ ఇంగ్లీషు మాటకు బోర్లాపడడం అన్న అర్థమూ ఉంది. కుదురు తప్పిన కుండే!

హైదరాబాదులో దీనికి మరో తోడు దొరికింది. దక్కనీలో 'జమ్ గయా' అంటే పెరుగు తోడుకుంది, పని కుదిరింది అని రెండూ. తెలుగు కుదురూ ఉర్దూ జమ్‌నా ఒకే చోట చెయ్యి చాస్తే, ఇద్దరికీ మధ్య అందిన మాట సెట్. ఇటు తెలుగు, అటు ఉర్దూ, దుకాణం గల్లా దగ్గర మార్వాడీ. ముగ్గురికీ ఎవరి భాషా వదులుకోనక్కర్లేకుండా పని జరిపించిన నాణెం అది.

ఒక్క మాట, ఏడు కుర్చీలు

నాణెం చెల్లుబాటు అయ్యేకొద్దీ చిల్లర కనపడకుండా పోతుంది. సెట్టయింది అన్నప్పుడల్లా ఈ ఏడింటిలో ఏదో ఒకటి లేచి కుర్చీ ఇస్తోంది.

సంబంధం, బేరం: *కుదిరింది.* రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

చీర, చొక్కా రంగు: *నప్పింది.* చూసే కంటికి సంబంధించిన తీర్పు.

తోడికోడళ్ళు, భాగస్వాములు: *పొసిగింది.* స్వభావాలు రాసుకోకుండా సాగుతున్నాయి.

ఊరి నీళ్ళు, మందు: *పడింది.* ఒంటికి ఒప్పింది.

విరిగిన ముక్క, మాట: *అతికింది.* అతుకు ఉంది, కానీ నిలిచింది.

నగ, ముంగురులు: *అమరింది.* దాని చోటులో అది ఒదిగింది.

జబ్బుపడ్డ ఒళ్ళు: *కుదుటపడింది.* కలత తగ్గింది.

"వాళ్ళిద్దరికీ సెట్టవలేదు" అంటే వినేవాడికి కథ ముగిసిపోతుంది. పొసగలేదంటే తప్పు ఎవరిదీ కాదు, స్వభావాలు కలవలేదు. పడదు అంటే రోజూ గొడవలే. అతకలేదంటే ఒకసారి విరిగి, కలపబోయారని. మాట ఎంచుకోవడంలోనే చూసిన మనిషి చూపు ఉంది. సెట్టు ఆ శ్రమను మనకు తగ్గించింది, ఆ చూపునూ తగ్గించింది. విడాకుల మాటలో కూడా ఎవరినీ నొప్పించకుండా దాటిపోవడానికి అది పనికొస్తోందంటే, కొందరికి అందులోనూ ఓ మేలు ఉండి ఉంటుంది.

వేషం కట్టిన సెట్టు ఇంకొకటి ఉంది. ఒకప్పటి ఎంసెట్, ఐసెట్, లాసెట్, పాలిసెట్. ఇది అసలు ఆ మాటే కాదు. ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు. కానీ హాల్లో కాగితం మీద ప్రశ్నపత్రం ఇస్తే అది 'సెట్ ఏ', 'సెట్ బి'. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే గైడ్లూ సెట్లే. ర్యాంకు వస్తే లైఫ్ సెట్. వేరువేరు ఊళ్ళ సెట్లన్నీ ఆ పదిహేడేళ్ళ పిల్లవాడి నెత్తిమీదే కలుసుకున్నాయి.

రాని చోట్లు

ఇంత దూకుడుగా వచ్చిన మాట కొన్ని గడపల దగ్గర ఆగింది. ఇంగ్లీషులో పెరుగు సెట్ అవుతుంది. మనకు ఇంకా తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. పాకం ముదురుతుంది. ఇంగ్లీషువాడు గుడ్ల మీద కోడిని సెట్ చేస్తాడు, ఉంగరంలో రాయినీ సెట్ చేస్తాడు. మన దగ్గరా ఆ రెండు పనులకూ ఒకటే మాట, కానీ అది మనదే. కోడి గుడ్లను పొదుగుతుంది, కంసాలి రాళ్ళను పొదుగుతాడు. ఇక పొద్దు గూకుతుంది. సూర్యుడు సెట్టయ్యాడని జగదీశ్ మార్కెట్లో కూడా ఎవరూ అనరు.

వంటిల్లు, పెరడు, ఆకాశం. ఈ మూడు చోట్లా పరాయివాడితో బేరం లేదు. పొయ్యి దగ్గర అమ్మ, గంప కింద కోడి, పైన పొద్దు, అక్కడ మధ్యవర్తి మాట అవసరపడలేదు. దుకాణం, పరీక్ష, అద్దె గది, పెళ్ళిళ్ళ పేరయ్య, ఆఫీసు కిటికీ, ఎక్కడ ముక్కూమొహం తెలియనివాడితో పని పడిందో అక్కడల్లా సెట్టు వచ్చి కూర్చుంది. అది బజారు మాట. ఇంటి వరండా దాకా వచ్చింది. పొయ్యి దాకా ఇంకా పూర్తిగా రాలేదు.

ఇలా వచ్చిన మాటల్ని రాసిపెట్టడం మనకు కొత్త కాదు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకూ మిశ్రమ వ్యవహారానికీ సి.పి. బ్రౌన్ 1854లోనే వేరే నిఘంటువు వేశాడు. నూరేళ్ళు దాటాక భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోటినుంచి సేకరింపజేసిన మాటలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వచ్చింది. నాగలి భాగాలకు ఎన్ని పేర్లో అందులో ఉంది. అదే పద్ధతిలో ఎవరైనా నోటు పుస్తకం పట్టుకుని జగదీశ్ మార్కెట్లో నెల రోజులు కూర్చుంటే, సెట్టు కింద ఎన్ని అర్థాలు రాయాల్సివస్తుందో! అందులో లండన్ నిఘంటువులో లేనివి కూడా ఉంటాయి.

ఆ మాటకొస్తే ఈ వీధుల పేర్లే అలా కుదిరినవి. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆబిద్ షాపు ఇంగ్లీషు 'స్' తగిలించుకుని అబిడ్స్ అయింది. దుకాణం పోయింది, 'స్' మిగిలింది. నాంపల్లి పేరు గోల్కొండ కాలపు నేక్‌నామ్ ఖాన్ బిరుదులోని పారసీ 'నామ్'కు తెలుగు 'పల్లి' అతికితే వచ్చిందని చెబుతారు. ఎవరి ముక్క ఎవరిదో విడదీసి ఎవరికి వాళ్ళకు ఇచ్చేస్తే, ఆటోవాడికి చెప్పడానికి చిరునామాయే ఉండదు.

సాయంత్రమవుతుంటే ఫుట్‌పాత్ మీద పట్టాల అంచులు లేస్తాయి. మిగిలిన పుస్తకాలు గోనెసంచుల్లోకి వెళుతుంటాయి. అట్ట ఊడిన శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఒకటి చేతిలో పట్టుకుని, ధర దగ్గర ఇంకా తేల్చుకోలేక నిలబడితే, తాడు ముడివేస్తున్న మనిషి తల ఎత్తకుండానే అంటాడు:

"పొద్దు గూకుతున్నది సార్, నూట యాభైకి సెట్ చేస్కో."